మిచెల్ ఫీల్డ్ దగ్గర క్రేడిల్ ఆఫ్ ఏవియేషన్ మ్యూజియం: పేరెంట్స్‌ని, పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా?

క్వీన్స్ క్రాంతి
అందరికీ నమస్తే. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, మావాడికి ఎనిమిదేళ్లు, వాడికి రాకెట్ల పిచ్చి. మాన్‌హట్టన్‌లో ఇంట్రెపిడ్ షిప్పు మ్యూజియం చూసేశాం, ఆ షిప్పు, కాంకర్డ్, షటిల్ ఎంటర్‌ప్రైజ్ అన్నీ అయిపోయాయి, కాకపోతే ఆ మెట్లు ఎక్కి దిగేసరికి నాన్నకి మోకాళ్లు పట్టేశాయి. లాంగ్ ఐలండ్‌లో గార్డెన్ సిటీ దగ్గర పాత ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఇంకో మ్యూజియం ఉందని ఆఫీసులో ఒకతను చెప్పాడు. ఫొటోలు చూస్తే మామూలు షెడ్డులా ఉంది మరి. ఒక శనివారం దానికి పెట్టొచ్చంటారా?

హిక్స్‌విల్ హరి
కళ్లు మూసుకుని వెళ్లిపో తమ్ముడూ. అది షెడ్డే, మిచెల్ ఫీల్డ్ ఎయిర్ బేస్ పాత హ్యాంగర్లు రెండు, మధ్యలో కొత్తగా గాజు హాలు కట్టారు. 1980లో చిన్నగా మొదలైంది, ఇప్పుడున్న రూపం 2002లో వచ్చింది. ఆ షిప్పులో లాగా మెట్ల అవస్థ ఉండదు, నాన్నగారి మోకాళ్లకి ఇబ్బంది లేదు.

మీవాడికి రాకెట్లంటే ఇష్టం అన్నావు కాబట్టి ఒక్క ముక్క చెప్తా. అక్కడ అపోలో లూనార్ మాడ్యూల్ (ఎల్ఎమ్), అంటే చంద్రుడి మీద దిగే బండి ఉంది. మోడల్ కాదు, బొమ్మ కాదు, ఎల్ఎమ్-13, చంద్రుడి మీదకి పంపడానికి కట్టిన అసలుది. ప్రపంచం మొత్తం మీద నేల మీద మిగిలిన ఎగరాల్సిన ఎల్ఎమ్‌లు మూడే, ఒకటి వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో, ఒకటి ఫ్లోరిడా కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో, ఇంకోటి మనింటి పక్కన. మనింటి పక్కన అని ఊరికే అనట్లేదు, దాన్ని కట్టింది బెత్‌పేజ్‌లో, గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ ఫ్యాక్టరీలో. నేను రోజూ పాలు తెచ్చుకునే రోడ్డు అది.

ఎడిసన్ చిన్నా
హరి అన్నా మరీ ఎక్కువ లేపుతున్నాడు. నేను రెండేళ్ల కిందట వెళ్లా. బానే ఉంది, కానీ ఒక రోజు పెట్టి డ్రైవ్ చేసేవాళ్లయితే వర్జీనియాలో స్మిత్‌సోనియన్ వాళ్ల ఉడ్వార్-హేజీ మ్యూజియంకి వెళ్లండి, అక్కడ డిస్కవరీ షటిల్ ఉంది, ఎస్ఆర్-71 గూఢచారి విమానం ఉంది, నోరు తెరుచుకుని చూడాల్సిందే. ఇక్కడ లిండ్‌బర్గ్ గ్యాలరీలో, అదే, 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటినాయన, ఆయన విమానం స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ అని చూసి ఎగిరి గంతేశా, తీరా బోర్డు చదివితే అది అసలు విమానం కాదు, అదే కంపెనీ చేసిన తోబుట్టువు విమానం, సినిమా షూటింగ్‌కి వాడారట. అసలుది వాషింగ్టన్‌లోనే. మరి అలాంటప్పుడు ఇక్కడికెందుకు?

హిక్స్‌విల్ హరి
చిన్నా, ఆ హాల్లో జెన్నీ విమానం చూశావా మరి? కర్టిస్ జెఎన్-4. లిండ్‌బర్గ్ 1923లో జార్జియాలో అయిదొందల డాలర్లకి కొనుక్కున్న మొదటి సొంత విమానం అది. బోర్డు కిందవరకూ చదవాలి బాబూ.

ఇక ఇక్కడికెందుకు అంటావా. ఉడ్వార్-హేజీకి నేనూ వెళ్లా, దండం పెట్టి వచ్చా. కానీ అక్కడున్నవన్నీ ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టినవి. ఇక్కడ సంగతి వేరు, జరిగింది జరిగిన చోటే నిలబడి చూస్తావు. మ్యూజియం ఉన్న రోడ్డు పేరే చార్లెస్ లిండ్‌బర్గ్ బొలెవార్డ్. ఆయన పారిస్‌కి బయల్దేరిన రన్‌వే అక్కడికి కారులో అయిదు పది నిమిషాలు, నువ్వు బ్లాక్ ఫ్రైడేకి వెళ్లే మాల్ అది.

టెక్సాస్ టింకు
లిండ్‌బర్గ్ మిచెల్ ఫీల్డ్ నుంచి ఎగిరాడనే కదా?

పాత విమానం
కాదండి. రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుంచి. రెండూ పక్కపక్కన ఉండేవి, అందుకే అందరూ కలిపేస్తారు. మిచెల్ ఫీల్డ్ ఆర్మీది, రూజ్‌వెల్ట్ ఫీల్డ్ సివిల్ ఎయిర్‌ఫీల్డ్.

ఈ రెండు పేర్ల వెనక కథ తెలుసా? జాన్ పరోయ్ మిచెల్ న్యూయార్క్ మేయరు, చాలా చిన్న వయసులో అయ్యాడు, కుర్ర మేయరు అనేవాళ్లు. 1917 ఎన్నికల్లో ఓడిపోయి, యుద్ధంలో పైలట్ అవుదామని ఆర్మీలో చేరాడు. 1918 జులై 6న లూసియానాలో ట్రైనింగ్‌లో ఉండగా సీటు బెల్టు పెట్టుకోలేదో ఊడిందో, విమానంలోంచి కింద పడి చనిపోయాడు. ఎనిమిది రోజుల తరవాత, జులై 14న, మాజీ ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ చిన్న కొడుకు క్వెంటిన్ ఫ్రాన్స్‌లో ఆకాశంలో జరిగిన పోరాటంలో చనిపోయాడు. పక్కపక్క మైదానాలకి ఈ ఇద్దరి పేర్లు పెట్టారు. ఒకటి ఇప్పుడు కాలేజీలు, స్టేడియం, మ్యూజియం. రెండోది మాల్. ఎయిర్‌ఫీల్డ్ 1951లో మూసేశారు, మాల్ 1956లో తెరిచారు, పేరు మాత్రం అదే ఉంచారు, రూజ్‌వెల్ట్ ఫీల్డ్ అని. అక్కడ బూట్లు కొనుక్కునేవాళ్లలో ఎంతమందికి తెలుసో క్వెంటిన్ ఎవరో.

మినియోలా మాధవి
క్రాంతీ, మీకు పనికొచ్చేది నేను చెప్తా, వీళ్లు ఇప్పట్లో ఆపరు 😄

కారులో అయితే మెడోబ్రూక్ పార్క్‌వే మీద నాసో కొలీసియం వైపు దిగాలి, పార్కింగ్‌కి కష్టం లేదు. ట్రైన్‌లో వస్తే గార్డెన్ సిటీ స్టేషన్‌లోనో మినియోలాలోనో దిగి అక్కణ్ణుంచి క్యాబ్ తీసుకోండి, పెద్దవాళ్లతో బస్సు పెట్టుకోకండి. టికెట్‌లో ప్లానెటేరియం షో విడిగా ఉంటుంది, టైమింగ్ ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేకపోతే లోపలికి వెళ్లాక పిల్లలు అదే కావాలని పేచీ పెడతారు. పిల్లలు కూచోడానికి కాక్‌పిట్‌లు ఉన్నాయి, మావాడు ఒక దాంట్లోంచి దిగనంటే దిగనన్నాడు, వెనక లైన్‌లో వాళ్లకి నేను సారీలు చెప్తూ నిలబడ్డా.

పక్కనే పిల్లల మ్యూజియం, ఫైర్‌ఫైటర్స్ మ్యూజియం, పాత చెక్క గుర్రాల రంగులరాట్నం, అన్నీ ఒకే వరసలో. మీ అమ్మగారికి విమానాలు బోర్ కొడితే ఆ రంగులరాట్నం దగ్గర కూచోబెట్టండి.

క్వీన్స్ క్రాంతి
థాంక్యూ మాధవి అక్కా, ఇదే కావాలి నాకు. హరి అన్నా, ఆ ఎల్ఎమ్ ఎందుకు మిగిలిపోయింది? ఏదన్నా లోపమా?

పాత విమానం
లోపం విమానంలో కాదు, బడ్జెట్‌లో. నేను ఏరోస్పేస్‌లో స్ట్రక్చర్స్ పని చేస్తా కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపికుంటే చదవండి.

గ్రమ్మన్‌కి కాంట్రాక్ట్ 1962 నవంబర్‌లో వచ్చింది. చంద్రుడి మీద దిగే బండి ఎలా ఉండాలో అప్పటికి ఎవరికీ తెలీదు, ఎందుకంటే అంతకుముందు అలాంటిది లేదు. గాలిలో ఎగరక్కర్లేదు కాబట్టి అందం అక్కర్లేదు, షార్ప్ ముక్కు అక్కర్లేదు, రెక్కలు అక్కర్లేదు. అందుకే అది అలా సాలెపురుగులా ఉంటుంది. అసలు సమస్య బరువు. మొత్తం బండి నింపాక పదిహేను టన్నుల చిల్లర, అందులో చాలామటుకు ఇంధనమే. ఒక్కో కేజీ తగ్గించడానికి వాళ్లు పడ్డ పాట్లు చదివితే ఏడుపొస్తుంది. మొదటి డిజైన్‌లో సీట్లు, పెద్ద కిటికీలు ఉండేవి. సీట్లు పీకేశారు. నిలబడితే మొహం కిటికీకి దగ్గరగా వస్తుంది కదా, అప్పుడు చిన్న కిటికీ సరిపోతుంది, గాజు బరువు కూడా తగ్గింది. ఒక్క దెబ్బకి రెండు. అందుకే ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగేటప్పుడు బస్సులో స్టాండింగ్ లాగా నిలబడే దిగారు.

క్యాబిన్ గోడలు కొన్నిచోట్ల 0.3 మిల్లీమీటర్లు. యాసిడ్‌లో ముంచి అల్యూమినియాన్ని అక్కడక్కడా కరిగించి పల్చన చేసేవాళ్లు, బలం కావల్సిన చోట మాత్రం మందంగా ఉంచేవాళ్లు. లోపల ఒత్తిడి మన నేల మీద ఉండే దాంట్లో మూడో వంతు, స్వచ్ఛమైన ఆక్సిజన్, అందుకని అంత పల్చటి గోడ ఆగుతుంది. కట్టేటప్పుడు ఎవరన్నా స్క్రూడ్రైవర్ జారవిడిస్తే గోడకి చిల్లు పడే ప్రమాదం.

ఇక ఎందుకు మిగిలిందంటే, అపోలో 20ని 1970 జనవరిలో రద్దు చేశారు, అదే ఏడు సెప్టెంబర్‌లో ఇంకో రెండు ప్రయాణాలు పోయాయి. 1972 డిసెంబర్‌లో అపోలో 17తో కథ అయిపోయింది. ఆ ప్రయాణంలో వెళ్లింది ఎల్ఎమ్-12. దాని తరవాతి నంబరు ఇది. బెత్‌పేజ్‌లో సగం కట్టి ఆపేశారు.

ఎడిసన్ చిన్నా
సరే ఈ 0.3 మిల్లీమీటర్ ముక్క బోర్డు మీద లేదు, లేదా నాకు కనపడలేదు. ఇలాంటివి రాస్తే నేను కూడా నిలబడి చూసేవాణ్ణి కదా. మ్యూజియం వాళ్ల బోర్డులన్నీ పేరు, సంవత్సరం, ఇంజన్ హార్స్‌పవర్. ఎవడికి కావాలి హార్స్‌పవర్.

పాత విమానం
దానికే అక్కడ వాలంటీర్లు తిరుగుతుంటారు. చొక్కా మీద బ్యాడ్జ్ పెట్టుకున్న ముసలాయన కనపడితే ఆపి అడగండి. వాళ్లలో చాలామంది గ్రమ్మన్‌లోనో, ఫార్మింగ్‌డేల్ రిపబ్లిక్ ఫ్యాక్టరీలోనో పని చేసి రిటైరైన వాళ్లు. ఏ బోర్డూ చెప్పని సంగతులు చెప్తారు.

ఎల్ఎమ్-13 ఒక్కటే చూసి వచ్చేయకండి. ఎల్‌టిఎ-1 అని ఇంకోటి కూడా ఉంది, అది ఫ్యాక్టరీలోనే ఉంచుకుని వైరింగ్, సిస్టమ్స్‌లో తప్పులు పట్టడానికి వాడిన టెస్ట్ బండి. నాకు అసలుదాని కన్నా అదే ఇష్టం. పని అంతా దాని మీదే జరిగింది.

రావుగారు ఎయిర్‌ఫోర్స్
పిల్లలూ, చర్చ బాగుంది. నేను ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను, ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర న్యూ హైడ్ పార్క్‌లో ఉంటున్నాను. పోయిన వేసవిలో మా అల్లుడు ఆ మ్యూజియంకి తీసుకెళ్లాడు. అందరూ చంద్రుడి గురించి, లిండ్‌బర్గ్ గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఆ నేల మీద అడుగు పెట్టగానే గుర్తొచ్చింది డూలిటిల్.

1929 సెప్టెంబర్ 24. మిచెల్ ఫీల్డ్. ఆర్మీ పైలట్ జిమ్మీ డూలిటిల్ ఒక రెండు సీట్ల బైప్లేన్‌లో వెనక సీట్లో కూచున్నాడు, ఆ కాక్‌పిట్ మీద మొత్తం తొడుగు వేసి మూసేశారు, బయట ఏమీ కనపడదు. అలా కూచుని టేకాఫ్ చేసి, చుట్టూ తిరిగి, మళ్లీ అదే మైదానంలో దించాడు, దాదాపు పావుగంట. బయట చూడకుండా కేవలం ఇన్‌స్ట్రుమెంట్లు చూసి ఎగిరి దిగడం ప్రపంచంలో అదే మొదటిసారి. ముందు సీట్లో బెన్ కెల్సీ అనే ఇంకో పైలట్ ఉన్నాడు, ప్రమాదం వస్తే పట్టుకోవడానికి. ఆయన చేతులు పైకి పెట్టి ఉంచాడు, కింద చూసేవాళ్లకి తెలియాలి కదా తను కంట్రోల్స్ ముట్టుకోలేదని.

ఇందులో గొప్పేముంది అంటారేమో. మబ్బులో ఉన్నప్పుడు మనిషి ఒళ్లు అబద్ధం చెప్తుంది. చెవిలో ద్రవం ఉంటుంది, విమానం నెమ్మదిగా ఒకే తీరున తిరుగుతూ ఉంటే కాసేపటికి ఆ ద్రవం నిలకడ అయిపోయి, మనం నిటారుగా వెళ్తున్నామనిపిస్తుంది. నిజానికి వంగి కిందకి జారుతుంటాం. ఎత్తు తగ్గుతోందని స్టిక్ లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది. ఎంతమంది మంచి పైలట్లు అలా నేలకి కొట్టుకున్నారో. డూలిటిల్ దగ్గర ఉన్నవి స్పెర్రీ వాళ్ల ఆర్టిఫిషియల్ హొరైజన్, డైరెక్షనల్ గైరో, కోల్స్‌మన్ గారి ఆల్టిమీటరు, ఒక రేడియో బీకన్. ఆ ఆల్టిమీటరు కొన్ని అడుగుల తేడా కూడా పట్టేది, అంతకుముందు వాటికి ఆ సున్నితం లేదు.

నేను సర్వీసులో ఆర్టిఫిషియల్ హొరైజన్లు విప్పి, బేరింగులు మార్చి, మళ్లీ బిగించి, టెస్ట్ బెంచ్ మీద పెట్టి, పైలట్ ఎక్కే ముందు సంతకం పెట్టేవాణ్ణి. ఆ వస్తువు మొదటిసారి నమ్మకం సంపాదించుకున్న మైదానం అది. మా అల్లుడు గ్రమ్మన్ కట్టిన ఎఫ్-14 ఫైటర్ జెట్ దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే నేను ఇన్‌స్ట్రుమెంట్ల అద్దాల పెట్టె దగ్గరే ఉండిపోయాను.

మినియోలా మాధవి
రావుగారూ, ఇంకా రాయండి ప్లీజ్. మా ఇంటి నుంచి ఆ మైదానం అంత దగ్గర, ఇన్నాళ్లూ రంగులరాట్నం కోసమే వెళ్తున్నా.

హిక్స్‌విల్ హరి
రావుగారికి నమస్కారం. చిన్నా, ఇప్పుడు చెప్పు ఇక్కడికెందుకో.

ఎడిసన్ చిన్నా
రావుగారికి ఫుల్ మార్కులు, నో డౌట్. కానీ అన్నా, అది కథ. మ్యూజియంలో కథ ఉండదు, వస్తువు ఉంటుంది. డూలిటిల్ ఎగిరిన గడ్డి మీద ఇప్పుడు కాలేజీ పార్కింగ్ లాట్. అక్కడ నిలబడితే నాకేం కనపడాలి? హోండా సివిక్‌లు కనపడతాయి.

గడ్డిపువ్వు
చిన్నా గారూ, ఆ గడ్డి ఇంకా ఉంది. నిజంగానే. నాసో కమ్యూనిటీ కాలేజీ పక్కన హెంప్‌స్టెడ్ ప్లెయిన్స్ అని 19 ఎకరాలు కంచె వేసి కాపాడుతున్నారు. నేను బోటనీ చదువుకున్నాను కాబట్టి మ్యూజియం కన్నా ముందు అక్కడికే వెళ్లాను.

ఈ ప్రాంతం ఎందుకు విమానాలకి పుట్టిల్లు అయింది అనేదానికి జవాబు ఆ గడ్డే. అమెరికాలో తూర్పు వైపంతా అడవి, లాంగ్ ఐలండ్ మధ్యలో మాత్రం వేల ఎకరాల చదునైన గడ్డి మైదానం, చెట్టు లేదు, గుట్ట లేదు. పక్కనే న్యూయార్క్ లాంటి డబ్బున్న నగరం. 1909లో గ్లెన్ కర్టిస్, తొలినాళ్లలో విమానాలు కట్టినాయన, వచ్చి మినియోలా దగ్గర ఎగిరింది అందుకే. 1911 ఆగస్టులో హారియట్ క్వింబీ అమెరికాలో పైలట్ లైసెన్స్ తెచ్చుకున్న మొదటి మహిళ అయింది, ఆవిడ నేర్చుకున్నది ఈ మైదానంలోనే. మరుసటి ఏడు 1912 ఏప్రిల్ 16న ఇంగ్లిష్ ఛానల్ దాటిన మొదటి మహిళా పైలట్ కూడా ఆవిడే, పాపం అంతకు ముందు రోజే టైటానిక్ మునిగింది, పేపర్లలో ఆవిడకి చోటెక్కడిది.

మిగతా మైదానం అంతా ఇళ్లు, రోడ్లు, మాళ్లు అయిపోయింది. ఆ 19 ఎకరాల్లో సాండ్‌ప్లెయిన్ జెరార్డియా అని చిన్న గులాబీ రంగు పువ్వు ఉంది, అంతరించిపోయే జాతుల జాబితాలో ఉన్న మొక్క. నన్నడిగితే అక్కడ అసలైన ఎగ్జిబిట్ ఆ గడ్డి ముక్కే, ఎల్ఎమ్-13 రెండోది.

పాత విమానం
ఇది కొత్త విషయం నాకు. అద్భుతం.

దీనికే ఇంకో కొసరు. బేస్ మూతపడటానికి కారణం కూడా ఆ మైదానమే. యుద్ధం అయ్యాక 1947 నుంచి పక్కనే లెవిట్‌టౌన్ మొదలైంది, పదిహేడు వేలకు పైగా ఇళ్లు, ఒకే అచ్చులో పోసినట్టు. మిచెల్ ఫీల్డ్ చుట్టూ బడులు, ఇళ్లు వచ్చేశాయి, రన్‌వేలేమో జెట్లకి సరిపోవు, పొడిగిద్దామంటే చోటు లేదు. ఇళ్ల దగ్గర విమానం కూలాక జనం గోల ఎక్కువైంది. 1961 ఏప్రిల్‌లో బేస్ మూసేశారు. ఎయిర్ డిఫెన్స్ కమాండ్ అని మొత్తం అమెరికా ఆకాశాన్ని కాపలా కాసే హెడ్‌క్వార్టర్స్ 1946లో మొదలైంది ఇక్కడే, పదిహేనేళ్లకే బేస్ మొత్తం పోయింది.

టెక్సాస్ టింకు
1938లో ఏదో ఇటాలియన్ షిప్పుని బాంబర్లు వెతికి పట్టుకున్న కథ ఉంది కదా, అది కూడా ఈ బేసే కదా?

పాత విమానం
అవును టింకూ, ఈసారి కరెక్ట్. 1938 మే 12, మూడు బి-17లు మిచెల్ ఫీల్డ్ నుంచి బయల్దేరి, వర్షంలో, అట్లాంటిక్‌లో వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్లి, రెక్స్ అనే ప్యాసింజర్ షిప్పుని సరిగ్గా అనుకున్న టైముకి అందుకున్నాయి. నావిగేటర్ కర్టిస్ లెమే, తరవాత పెద్ద జనరల్ అయ్యాడు. శత్రు నౌకల్ని తీరానికి చాలా దూరంలోనే ఆపగలం అని చూపించుకోవడానికి చేసిన పని, రేడియోలో లైవ్ కామెంటరీ కూడా పెట్టారు. నేవీకి ఒళ్లు మండింది, సముద్రం మా జాగా అని.

బెత్‌పేజ్ నీళ్లు
అందరూ గ్రమ్మన్ గొప్పలు చెప్తున్నారు కాబట్టి ఇంకో వైపు నేను చెప్తా. నేను బెత్‌పేజ్‌లో ఇల్లు కొనే ముందు ఇన్‌స్పెక్షన్ వాళ్లు చెప్పిన మొదటి మాట నీళ్ల గురించే. ఆ ఫ్యాక్టరీ సైట్‌లో దశాబ్దాల పాటు లోహపు భాగాలు కడగడానికి వాడిన టిసిఇ లాంటి సాల్వెంట్లు నేలలోకి దిగి భూగర్భజలంలో కలిశాయి, ఆ కలుషితం మైళ్ల దూరం పాకింది. అక్కడ నేవీకి కూడా ప్లాంట్ ఉండేది. స్టేట్ వాళ్లు, నేవీ, కంపెనీ కలిసి శుద్ధి పనులు ఇప్పటికీ చేస్తున్నారు. కుళాయి నీళ్లు ట్రీట్ చేసే ఇస్తారు, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ చంద్రుడి మీదకి వెళ్లిన బండి ఖర్చులో ఇది కూడా ఒక లైను. మ్యూజియంలో దీనికో గోడ ఉండాలి కదా?

హిక్స్‌విల్ హరి
ఉండాలి. వాదన లేదు. అప్పట్లో ఆ సాల్వెంట్లు అన్ని ఫ్యాక్టరీల్లోనూ వాడారు, పారబోశారు, అదీ నిజమే, అలాగని తప్పు తప్పు కాకుండా పోదు.

అదే కంపెనీ ఇంకో మొహం కూడా చెప్తా. యుద్ధంలో హెల్‌క్యాట్ ఫైటర్లు పన్నెండు వేలకు పైగా కట్టారు అక్కడ, పనిలో ఆడవాళ్లు వేలల్లో, వాళ్ల పిల్లల కోసం కంపెనీయే బాలబడులు పెట్టింది. కారు చెడితే పని మానేసి వెళ్లక్కర్లేకుండా కంపెనీ మెకానిక్ ఒక పచ్చకారులో వచ్చి బాగు చేసి పోయేవాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విమానాల్ని టెస్ట్ చేసే పైలట్లలో 1942లో ముగ్గురు ఆడవాళ్లు. నా పక్కింటి పెద్దావిడ వాళ్లాయన అక్కడే చేశాడు, క్రిస్మస్‌కి కంపెనీ ఇచ్చే టర్కీ కోడి గురించి ఆవిడ ఇప్పటికీ చెప్తుంది, ఎఫ్-14 గురించి మాత్రం ఒక్కమాట చెప్పదు. 1994లో నార్త్‌రాప్‌లో కలిసిపోయాక బెత్‌పేజ్‌లో చాలామటుకు ఖాళీ అయింది, కొన్ని షెడ్లలో ఇప్పుడు సినిమా షూటింగ్‌లు.

బెత్‌పేజ్ నీళ్లు
టర్కీ ఇచ్చారు కాబట్టి నీళ్ల సంగతి వదిలేద్దామా అన్నా.

హిక్స్‌విల్ హరి
వదిలేద్దాం అనలేదు. రెండూ ఒకే గోడ మీద రాయమంటున్నా.

ఎడిసన్ చిన్నా
మొదటిసారి ఈ త్రెడ్‌లో నాకు మ్యూజియం మీద ఇంట్రెస్ట్ పుట్టింది, అదీ నీళ్ల గొడవ వల్ల. 😅

క్వీన్స్ క్రాంతి
అబ్బో, నేను పార్కింగ్ అడిగితే పీహెచ్‌డీ ఇచ్చారు. నాన్న ఇదంతా నా భుజం మీంచి చదువుతున్నారు. ఆయన ప్రశ్న: అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంక్ పేలితే ముగ్గుర్నీ కాపాడింది ఈ ఎల్ఎమ్ లాంటిదేనా, అంత పల్చటి గోడతో?

పాత విమానం
అవును, ఎల్ఎమ్-7, పేరు అక్వేరియస్. ఇద్దరికి రెండు రోజులకి సరిపడా చేసింది, ముగ్గురికి నాలుగు రోజులు సర్దారు. చంద్రుడి మీద దిగడానికి పెట్టిన ఇంజన్‌ని భూమికి తిరిగొచ్చే దారి సరి చేసుకోవడానికి వాడారు. చివర్లో దాన్ని వదిలేసి కమాండ్ మాడ్యూల్‌లో, అంటే భూమికి తిరిగొచ్చే క్యాబిన్‌లో దిగారు, ఆ ఎల్ఎమ్ పసిఫిక్ మీద కాలిపోయింది.

నాన్నగారికి ఇది చెప్పండి, నవ్వుకుంటారు. కమాండ్ మాడ్యూల్ కట్టింది వేరే కంపెనీ, నార్త్ అమెరికన్ రాక్‌వెల్. వాళ్లు తిరిగొచ్చాక గ్రమ్మన్ వాళ్లు సరదాకి ఆ కంపెనీకి ఒక బిల్లు పంపారు, మీ బండి చెడిపోతే చంద్రుడి దగ్గర్నుంచి మా బండితో లాక్కొచ్చాం, మొదటి మైలుకి 4 డాలర్లు, తరవాత మైలుకి డాలరు, బ్యాటరీ చార్జింగ్ విడిగా, ఆక్సిజన్ విడిగా, డిస్కౌంట్ పోను 3,12,421 డాలర్ల 24 సెంట్లు అని. రాక్‌వెల్ వాళ్లు కట్టలేదనుకోండి, అంతకుముందు మీ ఎల్ఎమ్‌లని చంద్రుడిదాకా లాక్కెళ్లింది మేమే, ఆ బిల్లు మేమెప్పుడూ పంపలేదే అన్నారు.

రావుగారు ఎయిర్‌ఫోర్స్
క్రాంతీ, మీ నాన్నగారు, నేను మాట్లాడుకోవాలి. మీరు వెళ్లే రోజు చెబితే మా అల్లుణ్ణి అడిగి వస్తాను.

క్వీన్స్ క్రాంతి
తప్పకుండా రావుగారూ, నాన్న ఇప్పటికే చొక్కా ఇస్త్రీ చేసుకునేలా ఉన్నారు. వచ్చే శనివారం పొద్దున పది దాటాక అనుకుంటున్నాం, మెసేజ్ పెడతాను.

ఫ్లషింగ్ ఫణి
లేట్‌గా చూశా త్రెడ్. ఎల్ఎమ్ దగ్గర కమాండ్ మాడ్యూల్ కూడా ఒకటి ఉంది కదా, అది చంద్రుడి దాకా వెళ్లొచ్చిందా? పైన మసి పట్టినట్టు ఉంది, మా అమ్మాయి అడిగితే వెళ్లొచ్చింది అని చెప్పేశా.

పాత విమానం
చంద్రుడి దాకా కాదు ఫణీ, కానీ ఎగిరింది. నంబరు 002. 1966 జనవరి 20న న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ నుంచి లిటిల్ జో 2 అనే రాకెట్ మీద, మనుషులు లేకుండా పంపారు. రాకెట్ పైకి వెళ్తూ అదుపు తప్పి దొర్లిపోతే ఎస్కేప్ టవర్ క్యాబిన్‌ని లాగి బయట పడేయగలదా అని చూడటానికి కావాలనే దొర్లించారు. లాగేసింది, పారాచూట్లు తెరుచుకున్నాయి, నేల మీద దిగింది. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి, చంద్రుడి కన్నా ఇదే నచ్చుతుంది, పిల్లలకి గిరగిరా తిరిగేవంటే ఇష్టం కదా.

మినియోలా మాధవి
శనివారం నేనూ పిల్లల్ని తీసుకుని వస్తున్నా. గడ్డిపువ్వు గారూ, ఆ 19 ఎకరాల్లోకి లోపలికి పోనిస్తారా, గేటు ఎటు వైపు?

గడ్డిపువ్వు
కాలేజీ క్యాంపస్ వైపు నుంచి దారి. వాలంటీర్లు ఉన్న రోజుల్లోనే లోపలికి తీసుకెళ్తారు, ముందు మెయిల్ పెట్టుకుంటే మంచిది. టిక్స్ (పిడుదులు) ఉంటాయి, ప్యాంట్లు సాక్సుల్లోకి దోపుకోండి, పిల్లలకి తప్పకుండా.